నేను తోటలో మందు కొట్టి చంపే పురుగునే మావాడు డబ్బాలో పెట్టి మేపుతున్నాడు

పొదలకూరు నిమ్మ:

అందరికీ నమస్కారం. మాది పొదలకూరు పక్కన పల్లె, నాలుగెకరాల నిమ్మతోట ఉంది. ఎవర్ని అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. మావాడు ఎనిమిదో తరగతి, వాడికి పురుగుల పిచ్చి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో బంగారు పురుగును పెట్టి తుమ్మాకు మేపడం, తొలకరికి ఆరుద్ర పురుగుల్ని అరచేతి మీద పాకించుకోవడం మనమంతా చేసిందే కదా, పెద్దయితే పోద్దిలే అనుకున్నా. పోలేదు, ముదిరింది. ఇప్పుడు వాడి మంచం కింద పదకొండు డబ్బాలు ఉన్నాయి, బిర్యానీ పార్సిల్ డబ్బాలే, మూతలకు సూదితో బొక్కలు పొడిచాడు. అన్నిట్లో నిమ్మాకు తినే పురుగులు. అంటే ఏందంటే, పొద్దున నేను డ్రమ్ములో మందు కలిపి స్ప్రేయర్ భుజానేసుకుని ఏ పురుగును చంపి వస్తున్నానో, సాయంత్రం వాడు అదే పురుగుకు లేతాకు కోసుకొచ్చి మేపుతున్నాడు. పైగా మందు కొట్టని ఆకే కావాలంట, దానికోసం ఇంటి ముందున్న నిమ్మచెట్టు జోలికి పోవద్దని నాతో గొడవ.

మొన్న బ్యాగులోంచి డబ్బా జారి పురుగులు క్లాసంతా పాకాయంట. నన్ను స్కూలుకు పిలిపించి నలుగురిలో నిలబెట్టి చెప్పారు, సిగ్గేసింది. ఇంటికొచ్చాక నేనూ రెండు తగిలించా. వాడు ఏడవలేదు. "నాయనా, ఇది చిన్నప్పుడు కాకిరెట్ట మాదిరి ఉండి పెద్దయినాక పచ్చగా ఎందుకు మారుద్ది?" అని అడిగాడు. నాకు తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఈ పురుగును చంపుతున్నా, అది రంగు మారుద్దనే నాకు తెలీదు. ఆ కాకిరెట్ట పురుగు వేరు, పచ్చ పురుగు వేరు అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ.

నాకు తెలుసుకోవాల్సింది ఒకటే. ఇది ఎక్కడికన్నా తీసుకుపోయే దారేనా, లేక డబ్బాలు అవతల పారేసి ఇప్పట్నుంచే కోచింగ్‌లో వేసేయాలా?

ఆత్మకూరు కుర్రోడు:

అన్నా, పారెయ్యకు. మా అమ్మ నా తూనీగల డబ్బా పొయ్యిలో వేసింది, పద్దెనిమిదేళ్ళయింది, ఇంకా పండక్కి ఇంటికెళ్తే ఆ మాట ఎత్తుతా.

లెక్క తప్పదు:

ఒక చిన్న సవరణ. ఆరుద్ర పురుగు మన లెక్కలో పురుగే గానీ కీటకం కాదండీ. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది. కీటకానికి ఆరే ఉంటాయి. ఎర్ర ముఖమల్ గుడ్డలా ఉండే ఆ జీవి సాలీడుకు, పశువులకు పట్టే పిడుదుకు దగ్గరి చుట్టం. పిల్లదశలో దానికీ ఆరుకాళ్ళే, అప్పుడు మిడతల్లాంటి వాటిని పట్టుకుని రసం పీలుస్తుంది. మనకు కనపడేది వాన పడ్డాక నేల్లోంచి పైకొచ్చే పెద్దవి మాత్రమే. టాపిక్ పక్కకు పోయింది, సారీ.

కరివేపాకు చెట్టు:

పొదలకూరు అన్నగారూ, మీవాడు పెంచేది నిమ్మ సీతాకోకచిలుక పురుగులే. మాది నెల్లూరు టౌన్, నిమ్మచెట్టు లేదు గానీ పెరట్లో కరివేపాకు చెట్టుంది, అది కూడా నిమ్మ కుటుంబమే కాబట్టి ఏటా దాని మీద గుడ్లు పెట్టి పోతుంది. నేను కూరకు కోసుకునే లోపల అవి కోసేస్తాయి. మొదట్లో చీదరించుకుని చీపురుతో దులిపేదాన్ని. లాక్‌డౌన్‌లో ఏం తోచక ఒకదాన్ని రోజూ చూడ్డం మొదలుపెట్టా, అంతే, అలవాటైపోయింది.

బాబు అడిగినదానికి నాకు తెలిసింది చెప్తా. చిన్నప్పుడు నల్లగా మధ్యలో తెల్ల మచ్చతో అచ్చం పిట్టరెట్టలా ఉంటే పిట్ట దాన్ని తినదు, ఎవరు తింటారు రెట్టని? కానీ వేలంత పెరిగాక అంత పెద్ద రెట్ట వేసే పిట్ట పెరట్లోకి రాదు కదా, అప్పుడు వేషం పట్టుబడిపోతుంది. అందుకని చివరి కుబుసం విడిచినప్పుడు ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. మొత్తం అయిదు దశలు, నాలుగు దశల దాకా రెట్ట వేషం, అయిదోది పచ్చ. ఆ పచ్చదాన్ని పుల్లతో మెల్లగా తట్టమనండి. తల వెనక నుంచి నారింజ రంగులో రెండు మెత్తటి కొమ్ములు బయటకు తన్నుకొస్తాయి, ఘాటు వాసన గుప్పుమంటుంది. మా మనవరాలు దాని కోసమే ఊరి నుంచి వస్తుంది.

కందుకూరు బ్యారన్:

మాది పొగాకు. మా దగ్గర లద్దెపురుగు. దీని సంగతి కందుకూరు, కొండపి వైపు ఎవర్ని అడిగినా చెప్తారు. నా చిన్నప్పుడు నారుమళ్ళ చుట్టూ ఆముదం వేసేవాళ్ళు, ఎందుకంటే లద్దెపురుగు రెక్కల పురుగుకు పొగాకు కన్నా ఆముదం ఆకు ఇష్టం, గుడ్లు దానిమీద పెడుద్ది. గుడ్లు ఒక్కోటిగా ఉండవు, వందల గుడ్లు ఒకే కుప్పగా, పైన లేత గోధుమరంగు నూగు కప్పి ఉంటాయి. ఆ ఆకులు తుంచి తెస్తే మా తాత లెక్కపెట్టి డబ్బులిచ్చేవాడు, బడి లేనప్పుడు నా పని అదే. అలా తిరుగుతున్నప్పుడు చూశా. కొన్ని పురుగులు మొక్క చిటారుకు ఎక్కి తలకిందులుగా వేలాడి చచ్చిపోయి ఉండేవి. తాకితే చర్మం చిట్లి లోపల నీళ్ళనీళ్ళగా కారేది. ఎవరూ మందు కొట్టలేదు, మరెందుకు చచ్చాయి? మా తాతను అడిగితే "దేవుడు మన పక్కన ఉన్నాడ్రా" అన్నాడు.

డిగ్రీ అయ్యాక ఒకసారి కందుకూరు పొగాకు పరిశోధన కేంద్రానికి పోయినప్పుడు తెలిసింది, అది ఎన్.పి.వి. అనే వైరస్ అంట. పురుగుకు వైరస్ సోకితే అది పైకి ఎక్కి చస్తుంది, శరీరం కరిగి కింద ఆకుల మీద పడుద్ది, ఆ ఆకు తిన్న పురుగులకు మళ్ళీ సోకుద్ది. ఆ చచ్చిన పురుగుల నుంచే ద్రావణం తీసి పొలంలో కొట్టిస్తారు. నేను పదేళ్ళప్పుడు చూసింది అక్కడ సీసాలో పోసి చూపించారు. నేను సైంటిస్టును కాలేదు, నాకు పొగాకు కాల్చే బ్యారన్లు రెండు ఉన్నాయి, బాగానే ఉన్నా. కానీ ఆరోజు ఇంటికొచ్చేదాకా బస్సులో అదే ఆలోచన.

ఒంగోలు వాస్తవం:

అందరూ భలే రాస్తున్నారు గానీ ఒకరన్నా ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పారా? పిల్లోడికి పురుగులంటే ఇష్టం, సరే. రేపు పెళ్ళి చూపుల్లో "అబ్బాయి ఏం చేస్తుంటాడు" అంటే "పురుగులు చూస్తుంటాడు" అని చెప్పాలా? మా బంధువుల్లో ఒకాయన జువాలజీలో పీహెచ్‌డీ చేసి ప్రైవేటు కాలేజీలో ఎంతకు పనిచేస్తున్నాడో చెప్తే కళ్ళ నీళ్ళొస్తాయి. ఫోన్లో వీడియోలు చూసే పిల్లలకన్నా నయం, హాబీగా ఉంచుకోనివ్వండి. జీవితం వేరే సంగతి.

కందిరీగ వెంట:

నేను రాయక తప్పదనిపించింది. నాది ఉలవపాడు దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరులో కందిరీగల మీద పీహెచ్‌డీ నాలుగో ఏడు. వాస్తవం గారికి డబ్బు సంగతి చివర్లో చెప్తా, ముందు అసలు సంగతి.

మా పాత ఇంట్లో దూలాల మూలల్లో, తలుపు వెనక, చివరికి నాయనమ్మ పెట్టె తాళం బొక్కలో కూడా కందిరీగ మట్టి గూళ్ళు కట్టేది. నోట్లో తడిమట్టి ఉండ పట్టుకొచ్చి, అంచు చుట్టూ వెనక్కి నడుస్తూ పూసుకుంటూ పోతుంది, సన్నగా ఒక రాగం తీస్తుంది ఆ టైంలో. నాయనమ్మ చెప్పేది, అది పచ్చపురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ తిరుగుతూ ఝంకారం చేస్తూ ఉంటే, పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి అదే అయిపోతుంది అని. భ్రమరకీటక న్యాయం అంటారు కదా, వేదాంతం చెప్పేవాళ్ళు దేవుణ్ణి ధ్యానించడానికి ఉదాహరణగా వాడతారు. మా ఇంట్లో ఎవరూ దాన్ని అనుమానించలేదు, ఎందుకంటే పచ్చపురుగు లోపలికి పోవడం అందరూ చూశారు, కందిరీగ బయటకు రావడం కూడా అందరూ చూశారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. అంతే తేడా.

నాకు పదకొండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో చెంచాతో ఒక గూడు పగలగొట్టా. లోపల ఆరు పచ్చపురుగులు కుక్కి ఉన్నాయి. చచ్చాయనుకున్నా, కానీ చీపురు పుల్లతో పొడిస్తే నోరు కొంచెం కదిలింది. కుళ్ళు వాసన లేదు. గూటి కప్పు నుంచి సన్నటి దారానికి వేలాడుతూ బియ్యపు గింజలో సగం ఉండే తెల్ల గుడ్డు. రెండోరోజు ఇంకో గూడు పగలగొడితే పురుగులు మూడే, వాటి మీద లావుగా తెల్లటి పిల్లపురుగు ఒకటి పడుకుని తింటోంది. నాయనమ్మ దగ్గరకు పరిగెత్తి "అవ్వా, పురుగు కందిరీగ కాలేదు, కందిరీగ పిల్ల పురుగును తింటోంది" అన్నా. నాయనమ్మ ఒక నిమిషం చూసి "అట్నా" అంది. అంతే. తిట్టలేదు, నమ్మకం పోయిందని బాధపడలేదు. మర్నాడు తనే పిలిచి ఇంకో గూడు చూపించింది, పొయ్యి గదిలో. అందులో పచ్చపురుగులు లేవు, అన్నీ సాలీళ్ళు.

అక్కడే నేను ఇరుక్కుపోయా. ఒకే కందిరీగ ఒకసారి పురుగులు, ఒకసారి సాలీళ్ళు తెస్తుందా? లేక రెండు వేర్వేరు కందిరీగలా? పాత లెక్కల నోటుబుక్కు వెనక్కి తిప్పి గీతలు గీశా. తేదీ, ఏ గది, గూడు కుండ ఆకారమా ముద్ద ఆకారమా, లోపల ఏమున్నాయి, ఎన్ని. సెలవులయ్యేసరికి ఇరవై మూడు గూళ్ళు. కుండ ఆకారం గూళ్ళలో ఎప్పుడూ పచ్చపురుగులే, ముద్ద గూళ్ళలో ఎప్పుడూ సాలీళ్ళే. రెండు రకాలు. ఎవరూ చెప్పకుండా ఒక సంగతి నాకు నేనుగా తెలుసుకున్నానన్న ఆ రోజు ఉంది చూశారూ, ఇప్పుడు ఎంత పెద్ద జర్నల్‌లో పేపర్ వచ్చినా అంత సంబరం లేదు నాకు. తల్లి కందిరీగ కుట్టి పురుగును చంపదు, కదలకుండా చేస్తుంది, పిల్ల తినేదాకా మాంసం తాజాగా ఉండటానికి. ఇదంతా తర్వాత పుస్తకాల్లో చదివా.

ఇంత ఎందుకు చెప్పానంటే, పురుగు పచ్చగా ఎందుకు మారుద్ది నాయనా అని మీవాడు అడిగిన ఆ ప్రశ్న ఉంది చూడండి అన్నా, అది మామూలు ప్రశ్న కాదు. నిమ్మ సీతాకోకచిలుకకు చుట్టమైన ఇంకో జాతి మీద జపాన్ వాళ్ళు ఇదే ప్రశ్న పట్టుకుని పనిచేసి 2008లో ప్రచురించారు. పురుగు ఒంట్లో జువెనైల్ హార్మోన్ అని ఒకటుంటుంది, నాలుగో దశ మొదట్లో అది తగ్గితే వచ్చే కుబుసం పచ్చగా వస్తుంది, తగ్గకుండా పైనుంచి ఆ హార్మోన్ పూస్తే పచ్చ బదులు మళ్ళీ రెట్ట వేషమే వస్తుంది. కరివేపాకు అక్క చెప్పిన పిట్టల కారణం కూడా నిజమైతే కావచ్చు, అది "ఏం లాభం" అన్నదానికి జవాబు, ఇది "ఎలా జరుగుతుంది" అన్నదానికి. ఒకే "ఎందుకు"కి రెండు జవాబులు. ఎనిమిదో తరగతి పిల్లాడు డబ్బా ముందు కూర్చుని అక్కడిదాకా వచ్చాడు.

మా ఫీల్డులో పెద్దాయన రాఘవేంద్ర గదగ్‌కర్ గారి సంగతి కూడా చెప్తా. బెంగళూరు ఐఐఎస్సీలో ఆయన పీహెచ్‌డీ చేసింది మాలిక్యులర్ బయాలజీలో, కందిరీగల్లో కాదు. మన కిటికీలకు, చూరుకు కాగితం లాంటి చిన్న తెట్టె కట్టే కందిరీగ, రోపాలిడియా మార్జినాటా, అది ఆయనకు హాబీ. తర్వాత హాబీనే పని చేసుకుని కొన్ని దశాబ్దాలు దాని వెంటే ఉన్నారు. ఒక్కో కందిరీగకు ఒక్కో రంగు చుక్క పెట్టి ఎవరు ఏం చేస్తున్నారో రాసుకోవడం, పద్ధతి అంతే. ఆ గూట్లో రాణి చాలా సాధువు, ఎవర్నీ కొట్టదు. రాణిని తీసేస్తే కాసేపట్లోనే పనివాళ్ళలో ఒకటి మీదపడి అందర్నీ కరవడం మొదలుపెడుతుంది, వారంలో చల్లబడి గుడ్లు పెట్టి కొత్త రాణి అవుతుంది, మిగతావి మారుమాట లేకుండా ఒప్పుకుంటాయి. మన ఊళ్ళల్లో సర్పంచి ఎన్నికలు ఇంత సాఫీగా జరగవు.

ఇక డబ్బు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, పైన ఇంటద్దె. ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా పడుతుంది, అప్పు చేసి అద్దె కట్టిన రోజులున్నాయి, అది దాచను. వాస్తవం గారి బంధువు కథ నిజమే, అలాంటివాళ్ళు నాకూ తెలుసు. కానీ దారి అదొక్కటే కాదు. ఎంసెట్ పేరు మారింది గానీ అందులోనే అగ్రికల్చర్ సీటు కొట్టి బాపట్లలోనో తిరుపతిలోనో బీఎస్సీ ఏజీ, తర్వాత ఎంఎస్సీలో ఎంటమాలజీ, అంటే కీటకశాస్త్రం, తీసుకోవచ్చు. లేదంటే ఇంటర్ తర్వాత తిరుపతి ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థలో అయిదేళ్ళ కోర్సు ఉంది. అంటే కోచింగ్, డబ్బాలు ఒకదానికొకటి అడ్డం కాదు. అన్నట్టు నేను అక్కను, అన్న కాదు.

ఒంగోలు వాస్తవం:

సరేనమ్మా, ఒప్పుకుంటా, సీటు సంగతి ఉపయోగపడేదే చెప్పావు. 37,000 మాత్రం బెంగళూరులో ఏ మూలకు?

కందిరీగ వెంట:

ఏ మూలకూ రాదు బాబాయ్. నా గదికి కిటికీ ఉంది, కిటికీకి గూడుంది, అందుకని ఖాళీ చెయ్యట్లా.

రిటైర్డ్ ఏవో:

నేను వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను, నెల్లూరు జిల్లాలోనే ఎక్కువ. ఒక మాట రైతుగా మీకు చెప్పాలి, పిల్లాడి తండ్రిగా కాదు. నిమ్మలో ఈ ఆకుతినే పురుగు నారుమడిలోనూ లేతమొక్కల మీదా ప్రమాదం. కాపుకొచ్చిన పెద్ద చెట్టుకు పది పురుగులు తిన్నా పెద్ద నష్టం లేదు, చేత్తో ఏరేస్తే సరిపోతుంది. చూడగానే డ్రమ్ము కలపడం మనవాళ్ళకు అలవాటైపోయింది.

వరిలో సుడిదోమ విషయం గుర్తుంటే చాలు. దోమ కనపడగానే కొట్టిన కొన్ని మందులు దోమ కన్నా ముందు దాన్ని తినే సాలీళ్ళను, మిరిడ్ నల్లులను చంపేవి. పదిహేను రోజుల్లో దోమ రెట్టింపై వచ్చేది, మళ్ళీ కొట్టేవాళ్ళం. మందు కొట్టబట్టే దోమ పెరిగిందని చెప్తే రైతు నన్ను కొట్టేలా చూసేవాడు. ఇండోనేషియాలో ఇదే జరిగి చివరికి 1986లో వరిపైన 57 రకాల మందులు వాడొద్దని అక్కడి ప్రభుత్వమే నిషేధించింది. ఎవరో పొలంలో కూర్చుని సాలీళ్ళను, దోమలను లెక్కపెట్టారు కాబట్టి అది బయటపడింది. మీవాడు చేస్తున్న పని అదే కోవలోది. స్కూలు వాళ్ళ మాట పట్టించుకోకండి, మూత గట్టిగా ఉన్న డబ్బా కొనివ్వండి.

పొదలకూరు నిమ్మ:

నెలన్నర అయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

కందిరీగ అక్క రాసింది వాడికి చదివి వినిపించా. ఆ ఇరవై మూడు గూళ్ళ దగ్గర వాడి కళ్ళు చూడాలి. మర్నాడే ఒక రఫ్ బుక్కు తెచ్చుకుని డబ్బాలకు నంబర్లేశాడు. వాడి రాత నాలుగు లైన్లు ఉన్నదున్నట్టు దించుతున్నా:

"7వ డబ్బా. సోమవారం సాయంత్రం 5. తినడం మానేసింది. నీళ్ళ విరేచనం అయింది. డబ్బా అంతా ఆగకుండా తిరుగుతుంది. రాత్రి 9. పుల్ల మీద ఆగింది. నడుముకు దారం కట్టుకుంది. నేను నిద్రపోయాను. పొద్దున 6. చర్మం కింద పడి ఉంది. ప్యూపా అయింది. చూడలేకపోయాను."

ఆ "చూడలేకపోయాను" కింద రెండుసార్లు గీత గీశాడు. ప్యూపా అంటే సీతాకోకచిలుక అయ్యే ముందు పురుగు కదలకుండా ఉండే దశ అంట.

అసలు గొడవ తర్వాత వచ్చింది. గుడ్డు నుంచి పెంచినవి తొమ్మిది ప్యూపాలు, తొమ్మిదీ సీతాకోకచిలుకలు అయి ఎగిరిపోయాయి. అవి కాకుండా ఇంటిముందు చెట్టు మీద దొరికిన ప్యూపాలు ఆరు, కొమ్మతో సహా విరిచి తెచ్చి డబ్బాల్లో పెట్టాడు. వాటిలో మూడిట్లోంచి సీతాకోకచిలుకలు రాలేదు. ప్యూపా నల్లబడి, చిన్న బొక్క పడి, అందులోంచి ఆవగింజంత ఈగలు, పచ్చగా మెరుస్తున్నాయి, ఒక్కో దాంట్లోంచి నలభై యాభై వచ్చాయి. వాడు ఏడ్చాడు. నేను తగిలించినప్పుడు ఏడవనోడు దీనికి ఏడ్చాడు. రాత్రి అన్నం దగ్గర మాత్రం తనే అన్నాడు, "నాయనా, డబ్బాలో పుట్టినవాటికి ఒక్కదానికీ రాలా, చెట్టు మీద ఉన్నవాటికే వచ్చాయి. అంటే ఆ ఈగ బయట ఉంది." మా ఆవిడ చెంబు పట్టుకుని అట్నే నిలబడిపోయింది.

నా అనుమానం ఇది. ఆ ఈగ నా పురుగును చంపుతోందంటే అది నాకు కూలీ లేకుండా పనిచేస్తున్నట్టే కదా. మరి నేను కొట్టే మందుకు అది చస్తుందా?

రిటైర్డ్ ఏవో:

చస్తుంది. పురుగు కన్నా ముందు అదే చస్తుంది చాలాసార్లు.

గిద్దలూరు మాస్టారు:

నేను బయాలజీ చెప్తాను, గవర్నమెంటు హైస్కూలు. పై పోస్టు చదివి రాత్రి నిద్రపట్టలేదు. మరియా సిబిల్లా మేరియన్ అని జర్మనీలో పుట్టిన ఒకామె ఉండేది, 1647లో పుట్టింది. పదమూడేళ్ళ వయసులో పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టి, దొరికిన ప్రతి గొంగళిపురుగునూ ఇంట్లో పెంచుతూ ఏది ఏమవుతుందో బొమ్మలు వేసేది. అప్పటికి పురుగులు బురదలోంచి, కుళ్ళులోంచి పుడతాయని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమె కూడా సీతాకోకచిలుక వస్తుందని చూస్తుంటే కొన్ని ప్యూపాల్లోంచి ఈగలు రావడం చూసి రాసిపెట్టింది. 1699లో కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళింది పురుగుల కోసం, యాభై ఏళ్ళు దాటాక. మీ బాబుకు ఈమె గురించి చెప్పండి.

మా పిల్లలకు నేను వేరే కథ చెప్తాను, ఎందుకంటే అది మా అడవిది. మెరిసే నీలం రంగు సాలీడు, పొయిసిలోథీరియా మెటాలికా, చెట్టు తొర్రల్లో ఉంటుంది. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్కదాన్ని చూసి పేరు పెట్టారు, తర్వాత వందేళ్ళు ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్ళీ దొరికింది, ఎక్కడంటే నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. మా పిల్లల తాతలు కట్టెలకు తిరిగిన అడవే. అడవిలోకి పోయి పట్టుకురమ్మని కాదు నా ఉద్దేశం, అది అంతరించిపోయే దశలో ఉంది, ముట్టుకోకూడదు. (పైన ఎనిమిదికాళ్ళ లెక్క చెప్పినాయన ఇది కూడా కీటకం కాదంటారు, తెలుసు.)

లెక్క తప్పదు:

అనబోతున్నా, మీరే అనేశారు మాస్టారూ.

కందిరీగ వెంట:

అన్నా, ముందు బాబుకు శభాష్ చెప్పండి. డబ్బాలో పెంచినవి తొమ్మిది, చెట్టు మీంచి తెచ్చినవి ఆరు, ఇలా రెండు గుంపులు పెట్టి పోల్చడాన్నే మేము ప్రయోగం అంటాం. వాడు తెలియకుండా చేశాడు, ఈసారి తెలిసి చెయ్యమనండి.

అవి ఈగలు కావు, చిన్న జాతి కందిరీగలు, నా చుట్టాలే. ఫోటో కూడా చూడకుండా జాతి పేరు నేను చెప్పను, కానీ నిమ్మ సీతాకోకచిలుక ప్యూపాల్లోంచి వచ్చేవాటిలో టెరోమాలస్ పుపారమ్ అనేది బాగా తెలిసినది. దాని తల్లి ఏం చేస్తుందంటే, పురుగు ప్యూపా అవ్వబోతుంటే పక్కనే కూర్చుని కాచుకుంటుంది. కుబుసం విడవగానే ప్యూపా ఇంకా మెత్తగా ఉన్నప్పుడు గుచ్చి గుడ్లు పెడుతుంది, గట్టిపడితే సూది దిగడం కష్టం కాబట్టి. బాబు నిద్రపోయి "చూడలేకపోయాను" అని రాసుకున్న ఆ టైమే దాని టైము. ఇంటి ముందు చెట్టు దగ్గర పురుగు నడుముకు దారం కట్టుకున్నప్పుడు చూడమనండి, పక్కన ఏదన్నా నిలబడి ఉందేమో.

తర్వాత ఏం చెయ్యచ్చంటే, మీ తోటలో మందు కొట్టిన వరసలోంచి కొన్ని ప్యూపాలు, కొట్టని చెట్ల నుంచి కొన్ని తెచ్చి ఎన్నిట్లోంచి కందిరీగలు వస్తాయో లెక్కపెట్టమనండి. ఆరు సరిపోవు, ముప్పై అయినా ఉండాలి. దానికి మీరు రెండు వరసలు వదిలెయ్యాలి మరి.

పొదలకూరు నిమ్మ:

రెండు వరసలా! ఒక వరస ఇస్తా. గేటు పక్కది. ఆ చెట్లు ఎట్లాగూ అంత కాపు లేవు. మా ఆవిడ మాత్రం రెండూ ఇవ్వమంటోంది.

వాడు ఇంకో సంగతి అడగమన్నాడు. ఆ చిన్న కందిరీగలు డబ్బాలో ఇంకా ఉన్నాయి, సగం చచ్చాయి. ఎవరికన్నా చూపించాలంటే ఎట్లా దాచాలి? మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ పనికొస్తుందా?

కందిరీగ వెంట:

ప్రస్తుతానికి సర్జికల్ స్పిరిట్ చాలు, ఇంజెక్షన్ సీసా లాంటి చిన్న గాజు సీసా తీసుకుని మూత బిగించండి. ఒక్కో ప్యూపాలోంచి వచ్చినవి ఒక్కో సీసాలో, కలపొద్దు. లోపల చిన్న కాగితం ముక్క మీద తేదీ, ఊరు, ఏ చెట్టు, డబ్బా నంబరు రాసి వెయ్యమనండి. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. నేను సంక్రాంతికి ఊరొస్తా, పొదలకూరు మీదుగా వస్తా.